వెనక్కి తిప్పి చూడండి: పాత సామాను వేటకి వెళ్లేవాళ్ల కోసం

పాత సొరుగుల బల్ల ఒకటి ఎదురుపడితే మన చెయ్యి ముందు పైచెక్క మీదకే వెళ్తుంది. నున్నగా ఉందా, గీతలు పడ్డాయా, రంగు బాగుందా అని చూస్తాం. ఈ వేటలో ఏళ్లుగా తిరుగుతున్నవాళ్లు అలా చూడరు. బల్ల పక్కన నేల మీద కూర్చుని, ఒక సొరుగు పూర్తిగా బయటికి లాగి, దాన్ని బోర్లా తిప్పుతారు. అడుగుచెక్క మీద వేళ్లు ఆనించి మెల్లగా జరుపుతారు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూస్తారు.

ఎందుకంటే వడ్రంగి పైభాగాన్ని పదిమందీ చూడటానికి చేస్తాడు. అడుగుని ఎవరూ చూడరనుకుని చేస్తాడు. అందుకే పనిముట్టు గుర్తులు, వాడినవాళ్ల చేతి మురికి, మధ్యలో జరిగిన రిపేర్లు అన్నీ అక్కడే ఉండిపోతాయి. వాటిని చదవడం వస్తే సంతలో గడిపిన ఒక్క ఉదయం ఎంత సంతోషాన్నిస్తుందో మాటల్లో చెప్పలేను. ఏమీ కొనకుండా వచ్చిన రోజు కూడా మనసు నిండుగానే ఉంటుంది. ఆ చదవడం ఎలాగో, దొరికినదాన్ని ఇంటికి ఎలా తెచ్చుకోవాలో, తెచ్చాక ఏం చేయాలో చెబుతాను.

ముందు ఇల్లు కొలవండి

వేట ఇంట్లోనే మొదలవుతుంది. ఒక చిన్న నోట్‌బుక్ తీసుకుని మూడు రకాల కొలతలు రాసుకోండి. వస్తువు పెట్టాలనుకున్న గోడ పొడవు, ఎత్తు ఒకటి. అది లోపలికి రావాల్సిన తలుపుల వెడల్పు రెండోది. మెట్ల మలుపు దగ్గరో లిఫ్టులోనో ఉన్న చోటు మూడోది. మూడోదాన్ని అందరూ మర్చిపోతారు. బీరువా గదిలో పడుతుంది కానీ మెట్ల మలుపు తిరగదు. అయితే పాతకాలపు పెద్ద బీరువాలు చాలావరకు ముక్కలుగా విప్పడానికి వీలుగానే చేసేవారు. కాబట్టి కొలత కుదరలేదని వెంటనే వదులుకోకుండా, విడిపోతుందా అని అడగండి. మంచాల విషయంలో మాత్రం జాగ్రత్త. పాత మంచాల కొలతలు ఇప్పటి పరుపులకి చాలాసార్లు సరిపోవు.

గది ఫోటోలు కూడా ఫోన్‌లో ఉంచుకోండి. సంతలో వంద వస్తువుల మధ్య చూసినప్పుడు చిన్నదిగా అనిపించిన బల్ల ఇంటికొచ్చాక గదంతా ఆక్రమిస్తుంది.

రెండు మూడు మాటల అర్థాలు ముందే తెలిసి ఉంటే మంచిది. యాంటిక్ అంటే సాధారణంగా వందేళ్లు దాటినది. దేశాల మధ్య సరుకు రవాణాకి వాడే కస్టమ్స్ కోడ్‌లలో 9706 అనే అంకె సరిగ్గా ఈ వందేళ్లు దాటిన వస్తువుల కోసమే ఉంది. వింటేజ్ అనే మాటకి అంత గట్టి హద్దు లేదు. వందేళ్లలోపుదై ఉండి, తన కాలపు తీరు స్పష్టంగా కనిపించేదాన్ని అలా పిలుస్తారు. రీప్రొడక్షన్ అంటే పాత తీరులో తర్వాత చేసినది. అందులో తప్పేమీ లేదు, అదే మాట చెప్పి అమ్మితే. ఇంకొకటి ‘మ్యారేజ్’. రెండు వేరువేరు సామాన్ల ముక్కల్ని కలిపి ఒకటిగా నిలబెట్టడాన్ని వ్యాపారులు ఇలా అంటారు. కింది భాగం ఒక ఇంటిది, పై అల్మారా ఇంకో ఇంటిది.

సంచిలో ఏమేం ఉండాలి

చిన్న టార్చి, టేపు, భూతద్దం, ఒక అయస్కాంతం, మెత్తటి గుడ్డ. కుదిరితే అతినీలలోహిత కాంతినిచ్చే చిన్న లైటు. ఇవన్నీ కలిపి ఒక చేతిసంచిలో పట్టేస్తాయి. అన్నిటికన్నా ఎక్కువగా వాడేది టార్చి. దాన్ని ఎదురుగా వెయ్యకండి. పక్క నుంచి, చెక్కకి దాదాపు ఆనించినట్టు పట్టుకుని వెయ్యండి. ఎదురు వెలుతురులో కనిపించని ఎత్తుపల్లాలు, అతుకులు, పూడ్చిన చిల్లులు అన్నీ నీడలతో పైకి లేస్తాయి.

ఎక్కడికి, ఎప్పుడు

పాత సామాను దొరికే చోట్లు చాలా ఉన్నాయి. వారాంతపు సంతలు, వేలంపాటలు, ఇల్లు ఖాళీ చేసేవాళ్ల అమ్మకాలు, పాత భవనాలు పడగొట్టేవాళ్ల గోదాములు, ఆన్‌లైన్ ప్రకటనలు. ప్రపంచంలో పేరుమోసినవి కూడా ఉన్నాయి. పారిస్ అంచున సెంట్‌వాన్ సంత, లండన్‌లో శనివారాల పోర్టొబెల్లో రోడ్డు, అమెరికాలో ఏడాదికి మూడుసార్లు జరిగే బ్రిమ్‌ఫీల్డ్ సంత. అక్కడికి వెళ్లగలిగితే వెళ్లండి, కళ్లకి మంచి చదువు. కొనడానికి మాత్రం పేరున్న చోటే ఉండాలని లేదు.

తెల్లవారుజామున వెళ్తే ఎంపిక ఎక్కువ. సర్దేసే వేళకి వెళ్తే ధర తగ్గే అవకాశం ఎక్కువ. ఏదైనా ఒక చోటికి నెలలో రెండుసార్లయినా క్రమం తప్పకుండా వెళ్లమని నా సలహా. అమ్మేవాళ్లకి మీ ముఖం గుర్తుంటుంది. మీరు అద్దాలు వెతుకుతున్నారని తెలిస్తే అద్దం రాగానే పక్కన పెట్టి ఉంచుతారు. నాకు దొరికిన మంచి వస్తువుల్లో సగం అలా ఎవరో గుర్తుపెట్టుకుని దాచి ఉంచినవే.

వేలంపాట అయితే ముందురోజు ప్రదర్శనకి తప్పకుండా వెళ్లండి. వస్తువుని చేత్తో పట్టుకుని చూసేది అప్పుడే. పాట మొదలయ్యాక దూరం నుంచి చూడటమే. ఎంతవరకు పాడాలో కాగితం మీద రాసుకుని వెళ్లండి. పాడిన ధర మీద వేలం సంస్థ కమిషన్ కూడా కలుస్తుందని మర్చిపోకండి.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు వెనక ఫోటో, అడుగు ఫోటో, సొరుగు కీళ్ల ఫోటో అడగండి. ఇవ్వడానికి బద్ధకించేవాళ్ల దగ్గర కొనకండి.

సొరుగు లాగండి

ఇదే అసలు విషయం. ముందు ఒక పది అడుగుల దూరంలో నిలబడి వస్తువుని మొత్తంగా చూడండి. పై భాగానికీ కింది భాగానికీ పొంతన కుదిరిందా? కాళ్లు మరీ పొట్టిగా ఉన్నాయా? తడికి పుచ్చిపోయిన కాళ్లని కోసేసి పొట్టిగా చేసి అమ్మడం మామూలే. కంటికి ఏదో తేడాగా అనిపిస్తే ఆ అనుమానాన్ని గుర్తుపెట్టుకుని దగ్గరికి వెళ్లండి.

ఇప్పుడు సొరుగు. అమ్మేవాళ్లని అడిగి పూర్తిగా బయటికి తీయండి. ముందుచెక్కా పక్కచెక్కా కలిసే మూల చూడండి. పావురం తోకలా విచ్చుకున్న పళ్లు ఒకదాంట్లో ఒకటి ఇమిడి ఉంటాయి. డవ్‌టెయిల్ అంటారు. చేత్తో కోసినవైతే ఆ పళ్లు తక్కువగా ఉంటాయి, ఒకదానికొకటి అచ్చంగా సమానంగా ఉండవు. వాటి మొదట్లో సన్నటి గీత ఒకటి కనిపిస్తుంది. ఎంత లోతుకి కోయాలో వడ్రంగి ముందుగా గీసుకున్న గీత అది. ఒక్కోచోట రంపం ఆ గీతని దాటి వెంట్రుకవాసి ముందుకి వెళ్లి ఉంటుంది. పళ్లన్నీ ఒకే కొలతలో, ఒకే ఎడంతో ఉంటే అది మిషన్ పని. 19వ శతాబ్దం చివరి భాగం నుంచి అది మామూలైంది. ఈ రెండిటి మధ్యా ఒక విచిత్రమైన కీలు ఉంది. అర్ధచంద్రాకారాల వరస, ఒక్కో అర్ధచంద్రం మధ్యలో ఒక గుండ్రటి చెక్కమేకు. న్యాప్ అనే అమెరికన్ 1867లో పేటెంట్ తీసుకున్న యంత్రం చేసే కీలు అది. సుమారు 1900కల్లా దాని వాడకం పోయింది. కాబట్టి ఆ అర్ధచంద్రాలు కనిపించాయంటే సొరుగు వయసు ముప్పై ఏళ్ల తేడాలో చెప్పేయొచ్చు. మొదటిసారి నాకది కనిపించినప్పుడు, సొరుగు ఒళ్లో పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

తర్వాత అడుగుచెక్క. బోర్లా తిప్పి, కళ్లు మూసుకుని అరచెయ్యి అడ్డంగా జరపండి. చేతి చిత్రిక పట్టిన చెక్క అలలు అలలుగా తగులుతుంది. చాలా చిన్న అలలు, కంటికన్నా వేలికే బాగా తెలుస్తాయి. టార్చి పక్క నుంచి వేస్తే రంపం గుర్తులు కనబడతాయి. తిన్నగా, ఒకదాని పక్కన ఒకటిగా ఉంటే నిలువు రంపం. వంపు తిరిగి, ఒక పెద్ద చక్రం అంచులా ఉంటే గుండ్రటి రంపం. గుండ్రటి రంపాలు 1830ల తర్వాతే విరివిగా వచ్చాయి. 1780ల నాటిదని చెప్పి అమ్ముతున్న బల్లకి అడుగున ఆ వంపు గీతలు కనిపిస్తే, కనీసం ఆ చెక్క అయినా మార్చినదే.

అరిగిన చోట్లు చూడండి. సొరుగుని వేల సార్లు లాగి మూసి ఉంటే పక్కచెక్కల కింది అంచు అరుగుతుంది, ముఖ్యంగా వెనకవైపు. బల్ల లోపల అది జరిగే పట్టీ మీద కూడా అదే లెక్కలో గాడి పడుతుంది. రెండూ ఒకదానికొకటి సరిపోవాలి. సొరుగు అరిగి, పట్టీ కొత్తగా ఉంటే ఎవరో పట్టీ మార్చారు. అది తప్పు కాదు, మంచి రిపేరే. పట్టీ అరిగి సొరుగు కొత్తగా ఉంటే మాత్రం ప్రశ్నలు అడగాల్సిందే.

రంగు చూడండి. పాలిష్ లేని చెక్క గాలి తగిలి నెమ్మదిగా నల్లబడుతుంది. గాలి ఎక్కువ తగిలే చోట ఎక్కువగా, తగలని చోట తక్కువగా. ఎక్కడ చూసినా ఒకే చాయలో ఉంటే అది రంగు పూసిన చెక్క. వాసన కూడా అదే చెబుతుంది. పాత చెక్కకి ఎండిన, కొంచెం దుమ్ము కలిసిన వాసన ఉంటుంది. రంగు డబ్బా వాసన, జిగురు వాసన ఘాటుగా వస్తే ఈమధ్యే ఏదో పని జరిగింది.

పిడుల చిల్లులు లోపలి నుంచి చూడండి. పిడి ఒక్కటే, లోపల చిల్లులు నాలుగైదు ఉంటే అన్నిసార్లు పిడులు మార్చారన్నమాట. అసలు పిడులే ఉన్నాయంటే అది విలువ పెంచే విషయం.

మేకులు, స్క్రూలు మంచి సాక్షులు. సుత్తితో సాగగొట్టిన మేకు తల గులాబీలా నాలుగైదు పలకలుగా ఉంటుంది. గుండ్రటి తీగ మేకులు 19వ శతాబ్దం ఆఖరికి గాని మామూలు కాలేదు. 1840ల దాకా స్క్రూలకి కింద మొన ఉండేది కాదు, మొద్దుగా ఉండేవి. తల మీద ప్లస్ గుర్తున్న స్క్రూకి హెన్రీ ఫిలిప్స్ 1936లో పేటెంట్ తీసుకున్నాడు. విక్టోరియా రాణి కాలపు బల్లకి ప్లస్ స్క్రూ ఉంటే, ఏదో ఒక రిపేర్ 1930ల తర్వాత జరిగింది. పక్కచెక్కల అంచున రంపపుపొట్టు అదిమి అతికించిన చెక్క కనిపిస్తే ఇంక వెతకక్కర్లేదు. పార్టికల్ బోర్డు అనే ఆ చెక్క రెండో ప్రపంచ యుద్ధం నాటి నుంచే వాడకంలోకి వచ్చింది.

గుండ్రటి బల్లకి నాకు బాగా ఇష్టమైన పరీక్ష ఒకటుంది. ఎండే కొద్దీ చెక్క అడ్డంగా కుంచించుకుపోతుంది, నార పొడవునా దాదాపు కుంచించుకోదు. అందుకని గుండ్రంగా కోసిన పాత బల్ల కాలం గడిచే కొద్దీ కొంచెం కోలగా అవుతుంది. టేపుతో నార వెంట ఒకసారి, అడ్డంగా ఒకసారి కొలవండి. తేడా కొన్ని మిల్లీమీటర్లే ఉండొచ్చు. ఆ కొన్ని మిల్లీమీటర్లూ కనిపించినప్పుడు ఒళ్లు ఝల్లుమంటుంది.

మ్యారేజ్ పట్టుకోవడం కూడా కష్టమేమీ కాదు. రెండు అంతస్తుల అల్మారా అయితే పై భాగం ఎత్తి, దాని కింద దాగి ఉన్న చెక్క చూడండి. మొదటి నుంచీ కలిసి ఉన్నవైతే ఆ చోటుకి పాలిష్ పెట్టి ఉండరు, ఎవరికీ కనిపించదు కాబట్టి. నున్నటి పాలిష్ మెరుస్తూ ఉంటే కింది భాగం ఒకప్పుడు ఒంటరిగా నిలబడ్డ బల్ల. రెండు భాగాల వీపుచెక్కలూ ఒకే చెక్కవో కాదో కూడా చూడండి.

కుర్చీ అయితే కూర్చోండి

కూర్చుని ముందుకీ వెనక్కీ మెల్లగా ఊగండి. కీళ్లు కిర్రుమంటే భయపడక్కర్లేదు, వదులైన కీళ్లని విప్పి మళ్లీ జిగురు పెట్టొచ్చు. కాలు విరిగి మేకులు కొట్టి ఉంటేనే ఆలోచించండి. మేకు చెక్కని చీల్చేస్తుంది.

అరుగుదలకి ఒక కారణం ఉండాలి. కాళ్ల మధ్య ముందున్న అడ్డకర్ర పైవైపు అరిగి ఉంటుంది, మడమలు ఆనే చోటు కాబట్టి. చేతుల చివర నున్నగా ఉంటుంది, లేచేటప్పుడు పట్టుకునే చోటు కాబట్టి. చెయ్యీ కాలూ తగలని చోట అరిగినట్టుంటే ఎవరో అరగదీశారు.

వంచిన చెక్క కుర్చీ కనిపిస్తే సీటు అంచు లోపలివైపు చూడండి. మిఖాయెల్ థోనెట్ 1859లో తెచ్చిన 14వ నంబర్ కుర్చీ ఈ రంగంలో ఒక అద్భుతం. బీచ్ అనే చెట్టు కర్రని ఆవిరి పట్టి వంచి, 6 చెక్క ముక్కలు, 10 స్క్రూలు, 2 నట్లతో చేశాడు. విడదీసిన 36 కుర్చీలు ఒక ఘనమీటరు పెట్టెలో పట్టేవి. అలా ఓడల మీద ప్రపంచమంతా వెళ్లాయి. 1930 నాటికి సుమారు 5 కోట్లు అమ్ముడయ్యాయంటారు. అంత విరివిగా ఉన్నవి కాబట్టే ఇప్పటికీ సంతల్లో దొరుకుతాయి. పేటెంట్ గడువు 1869లో తీరింది, ఆ తర్వాత చాలామంది అదే తీరులో చేశారు. సీటు లోపలి అంచున చెక్కలోకి అచ్చు గుద్దిన పేరో, కాగితం చీటీ మిగిలిన ముక్కో ఉంటే ఎవరు చేశారో తెలుస్తుంది.

లోహం, పింగాణీ, గాజు

ఇత్తడి అని చెప్పినదానికి అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే లోపల ఇనుము, పైన పూత. అంటుకోనంత మాత్రాన ఇత్తడే అనుకోవద్దు. కింద అరిగిన చోట, మూలల్లో గోరుతో తడిమి చూడండి. వేరే రంగు బయటపడితే పూతే. పైన పటారం లోన లొటారం అన్నమాట ఈ వస్తువుల కోసమే పుట్టిందా అనిపిస్తుంది.

వెండి అయితే ముద్రలు చదవాలి. 925 అంటే వెయ్యికి 925 పాళ్లు వెండి. అలాంటి వెండినే స్టెర్లింగ్ అంటారు, నడుస్తున్న సింహం ఇంగ్లండులో దానికి వేసే ముద్ర. ఈ.పీ.ఎన్.ఎస్. అనే అక్షరాలుంటే నికెల్ మిశ్రమం మీద వెండి పూత. విద్యుత్తుతో పూత వేసే పద్ధతికి ఎల్కింగ్టన్ సంస్థ 1840లో పేటెంట్ పొందింది. కాబట్టి అంతకుముందుదని చెప్పడానికి వీల్లేదు.

పింగాణీ గిన్నెల అడుగున దేశం పేరుంటే అదొక మంచి ఆధారం. 1890లో అమెరికా చేసిన మెకిన్లీ టారిఫ్ చట్టం, దిగుమతి సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలంది. 1891 నుంచి అది అమల్లోకొచ్చింది. జపాన్ నుంచి వెళ్లిన సరుకు మీద 1921 దాకా నిప్పాన్ అని, అంటే జపాన్‌కి జపనీస్ భాషలో ఉన్న పేరు, ఉండేది, తర్వాత జపాన్ అని వేయాల్సి వచ్చింది. ‘ఆక్యుపైడ్ జపాన్’ (ఆక్రమణలో ఉన్న జపాన్) అని ఉంటే రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక 1952 లోపు చేసినది. ఇంగ్లండు వస్తువు మీద వజ్రం ఆకారంలో అక్షరాలూ అంకెలూ ఉంటే ఆ డిజైన్ 1842 నుంచి 1883 మధ్య రిజిస్టర్ అయినది. పేరున్న ముద్రలని గుడ్డిగా నమ్మకండి. జర్మనీలోని మైసెన్ పింగాణీ మీద ఉండే రెండు కత్తుల గుర్తుని ఎందరో అనుకరించారు. ఇంగ్లండు పింగాణీ కంపెనీ వెడ్జ్‌వుడ్ పేరులో ఇంగ్లిష్ అక్షరం ‘జి’ తర్వాత ఒక ‘ఇ’ అదనంగా ఉంటే అది ఆ ప్రసిద్ధ కంపెనీది కాదు. పగుళ్లు పట్టుకోవడానికి గిన్నెని అరచేతిలో నిలబెట్టి వేలిగోటితో మెల్లగా తట్టండి. మంచిదైతే గంటలా మోగుతుంది, పగిలినదైతే చప్పగా వినిపిస్తుంది.

పచ్చగానో పసుపుగానో ఉన్న పాత గాజు మీద అతినీలలోహిత లైటు వేసి చూడండి. యురేనియం కలిపిన గాజైతే చీకట్లో ఆకుపచ్చగా వెలుగుతుంది. సంత బల్ల కింద తల పెట్టి, చేతులు అడ్డుపెట్టి ఆ వెలుగు చూడటంలో ఉన్న సంబరం పెద్దవాళ్లని కూడా పిల్లల్ని చేస్తుంది.

అద్దాల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఇప్పటి అద్దం వెనక వెండి పూత ఉండే పద్ధతికి 1835లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ దారి వేశాడు. అంతకుముందు కొన్ని శతాబ్దాలపాటు తగరం, పాదరసం కలిపి పూసేవారు. అలాంటి అద్దంలో ముఖం కొంచెం మసకగా, బూడిదరంగు నీలిలో కనిపిస్తుంది. అక్కడక్కడ చిన్న స్ఫటికాల్లాంటి మెరుపులు ఉంటాయి. చూడటానికి చాలా అందంగా ఉంటుంది. ఏళ్లు గడిచే కొద్దీ పాదరసం కిందికి దిగి చట్రం అడుగు అంచున చిన్న బిందువులుగా చేరుతుంది. అందుకని అలాంటి అద్దాన్ని ఊపకండి, వెనకచెక్క ఊడదీయకండి, నిలబెట్టే మొయ్యండి.

ఎంత నచ్చినా వదిలేయాల్సినవి

చెక్కలో ఒకటి రెండు మిల్లీమీటర్ల చిన్న గుండ్రటి చిల్లులు పుచ్చుపురుగు బయటికి వెళ్లిన దారులు. చిల్లులున్నంత మాత్రాన ప్రమాదం లేదు, పురుగు ఎప్పుడో వెళ్లిపోయి ఉండొచ్చు. చిల్లు లోపల లేత రంగు, కింద మెత్తటి తాజా పొడి ఉంటే మాత్రం లోపల ఇంకా తింటోంది. పిల్ల పురుగు చెక్కలో రెండు నుంచి ఐదేళ్లు ఉండగలదు.

నేనొకసారి చిన్న గోడ అల్మారా కొన్నాను. అమ్మినాయన పాత చిల్లులేనన్నారు. నల్లగా మైనం నింపి ఉండటంతో నేనూ నమ్మాను. మూడు నెలల తర్వాత ఉదయం లేచి చూస్తే దాని కింద నేల మీద గోధుమరంగు పొడి, వేలికొసతో పోసినట్టు చిన్న చిన్న కుప్పలు. పక్కనున్న పుస్తకాల అరకి పాకుతుందేమోనని ఎంత టెన్షన్ పడ్డానో. అప్పటి నుంచి కొత్తగా వచ్చిన చెక్క సామాను ఏదైనా మిగతావాటికి దూరంగా, కింద నల్ల కాగితం పరిచి, కొన్ని వారాలు ఉంచుతున్నాను. కాగితం మీద పొడి రాలకపోతేనే లోపలికి.

దూది, గుడ్డ కూరిన సోఫాల్లో నల్లులు, బూజు ఉంటాయి. అతుకుల దగ్గర టార్చి వేసి నల్లటి చుక్కలు వెతకండి, బూజు వాసన ఉంటే వదిలేయండి. అడుసు తొక్కనేల కాలు కడగనేల.

పొరలు పొరలుగా లేస్తున్న పాత రంగులో సీసం ఉండొచ్చు. అమెరికాలో ఇళ్ల రంగుల్లో సీసాన్ని 1978లోనే నిషేధించారు, అంటే అంతకుముందు ఎంత విరివిగా వాడారో ఊహించండి. దాన్ని గరుకు కాగితంతో రుద్దకండి. చిన్నపిల్లలున్న ఇంట్లో అసలు పెట్టకండి. చీకట్లో వెలిగే ముళ్లున్న పాత గడియారాల్లో రేడియం ఉండొచ్చు. వెలుగు ఆగిపోయినా రేడియం అలాగే ఉంటుంది, కాబట్టి గాజు తీయకండి. పాత దీపాలకి వైర్లు మార్పించకుండా ప్లగ్ పెట్టకండి.

ఏనుగు దంతం, కొన్ని రకాల రోజ్‌వుడ్ చెక్క విషయంలో చట్టం ఉంది. ఆఫ్రికా ఏనుగు దంతం మీద అంతర్జాతీయ వ్యాపార నిషేధం 1990లో అమల్లోకొచ్చింది, బ్రెజిల్ రోజ్‌వుడ్‌కి 1992లో అలాంటి రక్షణే ఇచ్చారు. పాతదైనా సరిహద్దు దాటించాలంటే కాగితాలు కావాలి. గుడి నుంచో తవ్వకాల నుంచో వచ్చినట్టు అనిపించే రాతి శిల్పం, విగ్రహం, తలుపుచట్రం ఎక్కడి నుంచి వచ్చిందో అమ్మేవాళ్లు చెప్పలేకపోతే కొనొద్దు. దొంగసరుకు కొనేవాళ్లుంటేనే గోడలు బద్దలవుతాయి. ఈ విషయంలో నేను మెత్తబడను.

బేరం

వస్తువు లోపాలు చెప్పి అవమానించకండి. అమ్మేవాళ్లు దాన్ని ఎక్కడి నుంచో మోసుకొచ్చి తుడిచి పెట్టారు. నచ్చిందని చెప్పండి, కనిపించిన రిపేర్ ఖర్చు నిజాయితీగా చెప్పండి, మీరు ఇవ్వగలిగింది అడగండి. రెండు మూడు వస్తువులు కలిపి అడిగితే సులువుగా తగ్గుతుంది. వయసు గురించి చెప్పిన మాట రసీదు మీద రాసివ్వమనండి. నమ్మకంగా చెప్పినవాళ్లు రాసిస్తారు. రవాణా ఎవరిదో అప్పుడే తేల్చుకోండి.

ఇంటికి తెచ్చాక తొందరపడకండి

మొదటి వారం ఏమీ చేయకండి. వెలుతురు ఎటు నుంచి పడుతుందో, గదిలో ఎలా కుదురుతుందో చూడండి. చెక్కకి కూడా కొత్త గాలి అలవాటు కావాలి. హీటరు, ఏసీ గాలి నేరుగా తగిలే చోట పెడితే పగులుతుంది. ఎండ నేరుగా పడితే రంగు వెలుస్తుంది.

తర్వాత మెత్తటి బ్రష్‌తో దుమ్ము తీయండి. ఆ పైన బాగా పిండిన తడిగుడ్డ, వెంటనే పొడిగుడ్డ. చాలా వస్తువులకి ఇంతే చాలు. పైన ఏ పాలిష్ ఉందో తెలియాలంటే కనిపించని చోట, దూదితో ఒక చుక్క స్పిరిట్ పెట్టి చూడండి. జిగటగా కరిగితే లక్క పాలిష్. 19వ శతాబ్దమంతా, 1920ల దాకా, మంచి సామానుకి వాడింది ఎక్కువగా ఇదే. దాని మీద నీళ్ల గ్లాసు పెడితే తెల్ల మచ్చ పడుతుంది. కానీ దెబ్బతిన్న చోట మళ్లీ పూస్తే పాతదాంట్లో కలిసిపోతుంది, అంత మంచి గుణం దానికుంది. చివర తేనెమైనం పలచగా రాసి, అరగంటాగి తుడవండి. ఏడాదికి ఒకసారి చాలు. సిలికాన్ ఉన్న స్ప్రేలు వద్దు, తర్వాత ఎప్పుడైనా పాలిష్ పెట్టాలంటే అది పట్టదు.

కొత్తగా కనిపించాలని మొత్తం గీకేసి వార్నిష్ కొట్టించకండి. వందేళ్ల చేతులు, వెలుతురు, మైనం కలిసి తెచ్చిన ఆ లోతైన రంగు ఒక పూటలో పోతుంది, మళ్లీ వందేళ్లకి గాని రాదు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. ఇత్తడిని కూడా అద్దంలా తోమక్కర్లేదు. పచ్చగా పొడి రాలే చిలుము తీసేయండి, గోధుమరంగు మెరుపు ఉంచేయండి.

రిపేర్ తప్పనిసరైతే వెనక్కి తీయగలిగే పద్ధతిలో చేయించండి. పాత కుర్చీ కీళ్లకి వాడింది జంతు జిగురు. వేడీ తడీ తగిలితే అది మెత్తబడుతుంది, మళ్లీ విప్పొచ్చు. ఎపాక్సీ అనే రసాయన జిగురు పెడితే రేపు ఆ కీలు విప్పాలంటే చెక్కే విరగాలి. ఊడిన పిడి, రాలిన వెనీర్ (పైన అతికించే పలచటి చెక్క పొర) ముక్క పారేయకుండా కవర్‌లో పెట్టి అదే సొరుగులో ఉంచండి.

ఒక చీటీ రాయండి

నా దగ్గరున్న సొరుగుల బల్లలో కింది సొరుగు అడుగున పెన్సిల్ అంకెలున్నాయి. నాలుగు వరసల కూడిక. మూడో వరసలో ఒక అంకె కొట్టేసి పక్కన మళ్లీ రాసి ఉంది. చెక్క ఎంత పడుతుందో లెక్క వేసుకున్నాడేమో, కూలి లెక్కో. పేరు లేదు. దాన్ని తుడవకుండా, మైనం కూడా తగలనివ్వకుండా ఉంచాను.

ఆ పక్కనే, పాలిష్‌కి అంటకుండా, ఒక కవర్‌లో నా చీటీ ఉంది. ఏ సంవత్సరం ఏ సంతలో దొరికింది, అప్పుడు ఎలా ఉంది, ఎడమ వెనక కాలు ఏ జిగురుతో అతికించాను, ఏ పిడి కొత్తది. మీరు కూడా మొదటి వస్తువుకే ఇది మొదలుపెట్టండి. పెన్సిల్‌తో రాయండి, సిరా చెక్కకి దిగుతుంది.